బావ చేతికే బంతి

నవంబరు 3, సోమవారం

ఓడిపోయాం. భీమవరం చేతిలో, అదీ మన సొంత హాల్లో, అనకాపల్లి జనం ముందు. చివరి క్వార్టరంతా వెనక వరస కుర్రాళ్లది ఒకటే గోల. "బెల్లం టీమురా బాబూ, బంతి సేతికి అంటుకుపోనాది!" మా ఓనరు బెల్లం వ్యాపారి కాబట్టి బెల్లం టీమనే పేరు ఎలాగూ తప్పదు. బంతి ఎవరి చేతికి అంటుకుపోయిందో మాత్రం వాళ్లు పేరు పెట్టి చెప్పలేదు. చెప్పక్కర్లేదు. మా బావ చేతికి.

అది కూడా ఒట్టి మాట. బావ ఖాళీగా ఉన్నాడు, ఇచ్చాను. ఖాళీగా ఉన్నవాడికి ఇవ్వడమే నా పని. బంతి ముందుకు తీసుకెళ్లి ఎవరి చేతికి పోవాలో తేల్చడం, బాస్కెట్‌బాల్లో పాయింట్ గార్డంటే అదే. ఇన్నేళ్లుగా అదే చేస్తున్నాను, ఇప్పుడొచ్చి ఎవడో నేర్పక్కర్లేదు. మా బావ త్రినాథరావు లాంటి షూటర్ ఈ లీగు మొత్తంలో లేడు. ఇవాళ పడలేదు, అంతే. పడని రోజు ఎవడికుండదు?

కొత్త కోచ్ మహేశ్వరరావు సార్ విజయవాడ మనిషి, రైల్వేకి ఆడినవాడు. ఆట అయ్యాక అరవలేదు. అరిస్తే బాగుండేది. బోర్డు మీద అయిదు చుక్కలు పెట్టి, "బంతి ఒకడి చేతిలో ఆగిపోతోంది. ఇకనుంచి మోహిత్‌ని మధ్యలో పెట్టి ఆటంతా వాడి మీదుగా నడుపుదాం" అన్నాడు. మోహిత్ అంటే ఎస్. రాయవరం గుంటడు. చెరకు తోటలో పుట్టి చెరకుగెడలాగే పెరిగాడు, నిరుడే టీములోకొచ్చాడు. ఆట వాడి మీదుగా నడవాలట! మరి మేమేం చెయ్యాలి, బెల్లం వండుకోవాలా?

నవంబరు 4

బావకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పడుకుని ఉంటాడు.

నవంబరు 6, గురువారం

ప్రాక్టీసు అయ్యాక మార్కెట్లో అమ్మ దగ్గరికి వెళ్లాను. కార్తీకమాసం, జనం చేప ముట్టరు. వంజరాలు ఐసులో అలాగే పడి ఉన్నాయి, అమ్మ వాటి మీద ఈగలు తోలుతూ కార్తీకాన్ని తిడుతోంది. తనే పొద్దున్న దీపం పెట్టి వచ్చింది. ఆ మాటంటే నన్నూ తిడుతుంది.

"అల్లుడి ముకం అలగున్నాదేట్రా? నువ్వేటైనా అన్నావేటి?" అంది నన్ను చూడగానే.

"నేనేటంటానే?"

"అనకు. పిల్లనిచ్చినోలం మనం. ఆటైనా ఏటైనా ఆయన మనసు కట్టపెట్టకు. ఆయనకి మనసు బాగోపోతే అది మన సత్యలక్ష్మి మీదకే వత్తాది. సంబందం తెచ్చినోడివి నువ్వు, నాకు తెల్దు."

సంబంధం తెచ్చింది నేనే, కాదనను. త్రినాథూ నేనూ విశాఖ హాస్టల్లో ఒక గదిలో ఉన్నాం, ఒక జత బూట్లు ఇద్దరం మార్చి మార్చి వేసుకున్నాం. అప్పట్లో ఊరికే అందర్నీ పిలిచినట్టు బావా అనుకునేవాళ్లం. అక్కకి ఎవరూ నచ్చని రోజుల్లో నేనే అమ్మతో అన్నాను, నా ఫ్రెండు ఉన్నాడు, బంగారంలాంటోడు అని. అమ్మ అప్పుడు కూడా ఇదే అంది, నాకు తెల్దు, నీ పూచీ అని. ఆ పిలుపు నిజమై రెండేళ్లయింది.

అమ్మ చెప్పిందని కాదు. బావ చెయ్యి మీద నాకు నమ్మకం.

నవంబరు 9, ఆదివారం

అక్క వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. అక్కకి అచ్యుతాపురం మందుల కంపెనీలో లాబ్ ఉద్యోగం, షిఫ్టు నుంచి వచ్చి వండింది. బావ రెండు ముద్దలు తిని లేచిపోయాడు. మెట్ల మీద కూర్చుని మోకాలికి ఐసు పెట్టుకున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు మామూలు కంటే ఎక్కువగా ఉంది. కంచం పట్టుకుని లోపలికి వెళ్లాను.

"ఏటైనా అన్నాడా?" అని అక్కని మెల్లిగా అడిగాను.

"ఏటంటాడు? తినరా నువ్వు," అంది.

ఆడది అలా అందంటే ఏదో ఉన్నట్టే. నాకు తెలీదా? ప్రాక్టీసులో కోచ్ రోజంతా మోహిత్ మోహిత్ అంటున్నాడు, బావ చేతికి బంతి రావడం తగ్గింది, ఆ కోపం ఇంటికొస్తోంది. వెళ్తూ బావ భుజం మీద చెయ్యేశాను. "కాకినాడలో మొదటి బంతి నీకే బావా. రెండు పడితే చెయ్యి అదే దారిలోకొస్తాది," అన్నాను. బావ నవ్వాడు. సంతోషించి ఉంటాడు.

నవంబరు 11, మంగళవారం

కాకినాడలోనూ పోయింది.

మొదటి బంతి ఇచ్చాను, పడలేదు. రెండోది పడలేదు. అలాంటప్పుడు మానేస్తే మనిషి చచ్చిపోతాడు, ఇంకా ఇవ్వాలి, అది నాకు తెలిసిన ఆట. మూడో క్వార్టరులో ఒకసారి మోహిత్ సరిగ్గా రింగు కింద ఒంటరిగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తి నాకేసి చూశాడు. వాడికీ రింగుకీ మధ్య ఒక్కడు లేడు. నేను అటు చూసి ఇటు బావకిచ్చాను. బావ మీద అప్పటికే ఇద్దరున్నారు. ఇద్దరి మీదుగానే వేశాడు. బోర్డుకి కూడా తగల్లేదు.

బస్సులో మోహిత్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు గోళ్లు కొరుక్కుని అడిగాడు. "పెసాదన్నా, నా మీద కోపమేటైనా ఉన్నాదా? నేనేటైనా తప్పు సేసేనా? సేత్తే సెప్పన్నా, దిద్దుకుంటాను."

"ముందు బంతి పట్టుకోడం నేర్చుకో," అన్నాను.

తలూపి వెళ్లిపోయాడు. వెనక సీట్లో కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు, వాటికేదో జబ్బు చేసినట్టు.

నవంబరు 12

మోహిత్ చేతులు బాగోవు. ఇస్తే జారవిడుస్తాడు. అందుకే ఇవ్వలేదు.

ఒక్కసారి జారవిడిచాడు. అదీ వానాకాలంలో, ప్రాక్టీసులో.

నవంబరు 14, శుక్రవారం

కోచ్ నన్నొక్కణ్ణే పిలిచాడు. లాప్‌టాప్‌లో ఆటలు పెట్టాడు, నావే, మూడేళ్ల నాటివి కొన్ని, ఈ మధ్యవి కొన్ని. నన్నే చూసుకోనిచ్చాడు. పాతవాటిలో నేను బాగా ఆడుతున్నాను. అది చూస్తే ముచ్చటేసింది, చెప్పొద్దూ.

"చూశావా?" అన్నాడు. "అప్పుడు ఎవడు ఖాళీగా ఉంటే వాడికిచ్చేవాడివి. త్రినాథ్ చెయ్యెత్తి గింజుకున్నా ఇచ్చేవాడివి కాదు. ఇప్పుడేమో అతని మీద ముగ్గురున్నా అతనికే. మధ్యలో ఏమైంది?"

"ఏమీ కాలేదు సార్. సీనియర్ కదా అని."

"మీ అక్క పెళ్లి ఎప్పుడైంది?"

ఎవడు చెప్పాడో! టీమంతా అనుకుంటున్నారన్నమాట.

"నేనూ అక్కచెల్లెళ్లున్న వాణ్ణేనయ్యా. బావగారు ఇంటికొస్తే మంచం మీద కూర్చోబెట్టు, కాళ్లకి నీళ్లివ్వు, నేను కాదనను. పిల్లనిచ్చింది ఇంట్లో. కోర్టులో నువ్వెవరికీ ఏమీ ఇవ్వలేదు." ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆదివారం ఆటకి బావ మొదటి అయిదుగురిలో ఉండడు. బెంచీ మీద కూర్చుంటాడు, అలిసినవాడి బదులు కాసేపు దిగుతాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయన కూర్చుంటే నేనూ కూర్చుంటాను సార్," అనేశాను.

ఆగుతాడనుకున్నాను. నన్ను బతిమాలుతాడనుకున్నాను.

"సరే, కూర్చో," అని లాప్‌టాప్ మూసేశాడు.

నవంబరు 16, ఆదివారం

విజయనగరం మీద గెలిచాం. గెలిచారు.

బావా నేనూ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. పెళ్లి పందిట్లో అలిగిన చుట్టాల్లా ఉన్నాం ఇద్దరం. కోర్టులో బంతి ఒకడి చేతినుంచి ఒకడి చేతికి ఆగకుండా తిరుగుతోంది. మధ్యలో మోహిత్ నిలబడి ఇలా అందుకుని అలా ఇచ్చేస్తున్నాడు. వాడి చేతిలోంచి ఒక్కటీ జారలేదు. నా బదులు దిగిన తారక్ నిన్నమొన్నటిదాకా మాకు నీళ్లందించినవాడు, వాడు కూడా పది పాయింట్లు కొట్టాడు. మొన్న బెల్లమని ఏడిపించిన కుర్రాళ్లే లేచి ఈలలేశారు.

మా టీమ్ గెలుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. ఇది నేను తప్ప ఎవడూ చదవడు కాబట్టి రాస్తున్నాను, వాళ్లు ఓడిపోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆట అయ్యే ముందు బావ నాకేసి చూడకుండానే అన్నాడు. "నా కోసం కూకోమని నేనడిగేనా?"

"నువ్వొక్కడివే కూకుంటే బాగోదని..."

"కోచ్ నన్ను బెంచీ మీదే కూకోబెట్టేడు. నువ్వు నన్ను ఎర్రోణ్ణి సేసి కూకోబెట్టేవు, అందరూ సూత్తుండగా." లేచి బెంచీ ఆ చివరికి వెళ్లిపోయాడు.

ఎంత చేసినా ఇంతే. అల్లుళ్లకి విశ్వాసముండదు.

నవంబరు 17, సోమవారం

పొద్దున్నే అక్క వచ్చింది. కంపెనీ బస్సు దిగి యూనిఫాంలోనే వచ్చేసింది, చెప్పులు కూడా విప్పలేదు. టీ పెడతానన్నాను. వద్దంది.

"ఒరే, నాకు తెలక అడుగుతాను. బంతి ఎయ్యకపోతే మీ బావ ఇంటికొచ్చి నన్ను కొడతాడనుకున్నావేటి?"

"అదేటే, కొడతాడని కాదు..."

"మరేటి? అలుగుతాడు, తిండి మానేత్తాడు. ఆటోడిపోతే నువ్వు మానెయ్యవేటి? ఆ మాత్రానికి నా కాపురం కూలిపోద్దా?"

"మొన్న నీ ముకం సూసేను. గిన్నెలు..."

"గిన్నెలా! షిఫ్టు సేసొచ్చి మీ ఇద్దరికీ వండి, తోమితే సప్పుడవదా? నువ్వొచ్చి తోమకపోయేవు!" అంది. నిజంగానే కోపమొచ్చేసింది దానికి. కాసేపాగి గొంతు తగ్గించింది. "నిన్న ఇంటికొచ్చి ఏటన్నాడో తెల్సా? 'మీ తమ్ముడు ఇద్దరు మీదున్నా నాకే ఇత్తన్నాడు. ఏరేవోడికి ఇచ్చేత్తే నీ తమ్ముడు సిన్నబుచ్చుకుంటాడు, అత్తోరింట్లో పెట్టిన కంచం తోసేసినట్టుంటాది. అందుకని మోకాలు ఆచిపోయినా ఎగిరి ఏత్తన్నాను, పడట్లేదు' అన్నాడు. అన్నప్పుడు కళ్లంట నీళ్లు. పెళ్లయ్యాక నేనెప్పుడూ సూల్లేదు అలాగ."

నేను కూర్చుండిపోయాను.

"నువ్వు నా కోసమని ఇచ్చేవు, ఆయన నీ కోసమని ఏసేడు. మజ్జిన టీము పోనాది. నా పేరు సెప్పుకుని ఇద్దరూ ఆడేరు గానీ, ఒక్కడైనా నన్నడిగేడా?" అంది. టీ పెట్టాను. తాగకుండానే వెళ్లింది.

నవంబరు 18

కోచ్ దగ్గరికి వెళ్లి తప్పయిపోయింది, ఆడతాను అన్నాను. "రా," అన్నాడు, అంతే. మోహిత్‌కి కూడా చెప్పాలనుకున్నాను. వాడు నన్ను చూడగానే పళ్లన్నీ బయటపెట్టి, "వచ్చేసేవా అన్నా!" అన్నాడు. ఇంకేం చెప్పను.

బావ కొత్త పనికి ఒప్పుకున్నాడట. మోకాలు సహించినంతసేపు, ముఖ్యంగా చివరి నిమిషాల్లో మూలన నిలబడి వేసే పని. నాతో ప్రాక్టీసుకి కావలసిన మాటలే మాట్లాడాడు.

ఓనరు వచ్చాడు. సెమీస్‌కి వెళ్తేనే వచ్చే ఏడు టీము నడుపుతాడట, లేకపోతే ఇక్కడితో సరి. రెండు ఆటలు మిగిలాయి, రెండూ గెలవాలి.

నవంబరు 20, గురువారం

రాజమండ్రి మీద గెలిచాం. అందరికీ ఇచ్చాను. చేతులు తేలికగా ఉన్నాయి, పాత రోజుల్లా. బావకి ఒక్కటే ఇచ్చాను. అదీ ఇంకెవరూ దొరక్క. అందరూ చూసే ఉంటారు. ఇక నన్నెవడూ ఒక్క మాట అనలేడు.

నవంబరు 21

పేపర్లో రాశారు, బెల్లం కరిగింది అని. మోహిత్ ఫొటో వేశారు. అమ్మ చేపలు కట్టే కాగితాల్లోంచి ఆ ముక్క తీసి దాచింది. "అల్లుడి ఫొటో ఏదిరా?" అని అడిగింది. కార్తీకం అయిపోయింది, అమ్మకి బేరాలున్నాయి, అందుకని ఎక్కువ గొడవ చెయ్యలేదు.

నవంబరు 24, సోమవారం

నిన్న రాయలేకపోయాను.

గుంటూరులో ఆట. చివరిదాకా సమానంగానే ఉన్నాం. చివర్లో ఒక్క పాయింటు వెనకబడ్డాం, బంతి మాది, ఒకే ఒక్కసారి వెయ్యడానికి టైముంది. కోచ్ మమ్మల్ని దగ్గరికి పిలిచాడు. బావని కోర్టులోకి దింపాడు. "ప్రసాద్ బంతి తీసుకుని లోపలికి చొరబడతాడు. మోహిత్ మధ్యలో, త్రినాథ్ కుడి మూలన. వాళ్లు ఎవణ్ణి వదిలేస్తే వాడికివ్వు. పేరు చూడకు, ఖాళీ చూడు," అన్నాడు. నాకేసి చూసే అన్నాడు.

లోపలికి చొరబడ్డాను. అందరూ మోహిత్ మీదికే పోయారు. ఈ మధ్య వాణ్ణి చూసి అందరూ జడుస్తున్నారు కదా. ముగ్గురు వాడిని చుట్టేశారు. కుడి మూల ఖాళీ. బావ ఒక్కడే నిలబడి ఉన్నాడు, మోకాళ్లు వంచి, చేతులు సిద్ధంగా పెట్టుకుని. దరిదాపుల్లో ఎవడూ లేడు.

చూశాను. చూడలేదని అందరికీ చెప్పాను, కోచ్‌కీ అదే చెప్పాను. ఇక్కడ మాత్రం చూశాననే రాయాలి. బావ కళ్లలోకి చూశాను కూడా.

ఇస్తే మళ్లీ అంటారు. బావకే ఇచ్చాడు, చివరి బంతి కూడా బావకే ఇచ్చాడు, మారలేదు వీడు అంటారు. ఆ ఒక్క క్షణంలో ఇదంతా నా బుర్రలో తిరిగింది. ముగ్గురి మధ్యలోకి మోహిత్‌కి విసిరాను. ఎవడిదో చెయ్యి తగిలి బంతి బయటికి పోయింది. బెల్లు కొట్టేశారు.

అయిపోయింది. టీమూ అయిపోయినట్టే.

బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లాం. మోహిత్ తువ్వాలు మొహం మీద వేసుకుని, "నాదే తప్పన్నా, గట్టిగా పట్టుకోవాల్సింది," అంటున్నాడు. వాడి తప్పు కాదని చెప్పకుండా నేను బూట్ల తాళ్లు విప్పుకుంటూ కూర్చున్నాను. బావ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుణ్ణనిపించింది.

"నేను కనబడ్లేదేట్రా నీకు?" అన్నాడు.

"కనబడ్డావు."

"ఇన్నాళ్లూ ముగ్గురు మీదున్నా నాకే ఇచ్చేవు. ఎందుకిచ్చేవు?"

"బావవని."

"ఇయ్యాల ఒక్కడు లేడు నా మీద. ఎందుకియ్యలేదు?"

అబద్ధం చెప్పొచ్చు. కోచ్‌కి చెప్పినదే చెప్పొచ్చు. చెప్పలేకపోయాను.

"బావవనే."

బావ మొహంలో కోపం లేదు. కోపముంటే నేను తట్టుకునేవాణ్ణి. "నేను ఆటగాణ్ణిరా ప్రసాదూ. పదిహేనేళ్లు ఆడేను. అది నీకెప్పుడు గుర్తొత్తాది?" అన్నాడు. బ్యాగు తీసుకుని కుంటుకుంటూ బయటికెళ్లాడు.

బస్సులో నా పక్క సీటు ఖాళీగా పెట్టి కూర్చున్నాను, వస్తాడేమోనని. రాలేదు. వెళ్లి మోహిత్ పక్కన కూర్చున్నాడు. ముగ్గురు చుట్టుముడితే ఎలా తిరగాలో, బంతి ఎలా కాచుకోవాలో వాడికి చేతులతో చూపిస్తున్నాడు. వాడు కళ్లు తుడుచుకుంటూ వింటున్నాడు. ఏలూరు దాటేదాకా చూపిస్తూనే ఉన్నాడు. వచ్చే ఏడు టీమే ఉండదని ఇద్దరికీ తెలుసు.